ఒక్క ‘గెట్’తో ఎన్నో పనులు: ఈ ఇంగ్లిష్ క్రియను తెలుగులోంచి పట్టుకునే పద్ధతి

ఇంగ్లిష్ నిఘంటువులో ‘గెట్’ దగ్గర ఆగితే పేజీలు తిప్పుతూనే ఉండాలి. పొందు, తెచ్చు, కొను, అవు, చేరు, అర్థం చేసుకో, పట్టుకో, ఒప్పించు... ఇలా సాగుతుంది పట్టిక. దాన్ని బట్టీ పడితే పరీక్ష గట్టెక్కవచ్చు గానీ, ఎదుటి మనిషి ‘ఐ యామ్ గెటింగ్ దేర్’ అన్నప్పుడు ఆ పట్టికలో ఏ వరుస చూడాలో తోచదు. పని ఇంకా పూర్తి కాలేదు, దగ్గరపడుతోంది అని ఆయన చెబుతున్నాడు.

‘గెట్’ను తెలుగులోంచి చూస్తేనే మనకు త్వరగా పట్టుబడుతుందని నా గట్టి నమ్మకం. అది చేసే పనుల్లో చాలావాటిని మనం రోజూ ‘వచ్చింది’, ‘అయింది’, ‘చేయించాను’ అనే మాటలతో చేస్తూనే ఉన్నాం. ఏ ‘గెట్’ ఏ తెలుగు మాటకు జత అవుతుందో చూసుకుంటూ వెళ్దాం. తొందర వద్దు. ఒక్కో అడుగు రెండు మూడు రోజులు నోట్లో నానాలి.

మొదటి అడుగు: ‘ఉంది’కి, ‘వచ్చింది’కి తేడా

‘హ్యావ్’, ‘బీ’ అనే క్రియలు ఉన్న స్థితిని చెబుతాయి. ‘గెట్’ ఆ స్థితిలోకి రావడాన్ని చెబుతుంది. ముందు లేదు, ఇప్పుడు ఉంది. ఆ మధ్యలో జరిగిందే ‘గెట్’.

‘ఐ హ్యావ్ ఎ కోల్డ్’ అంటే నాకు జలుబు ఉంది. ‘ఐ గాట్ ఎ కోల్డ్’ అంటే జలుబు పట్టుకుంది. ‘షి ఈజ్ మ్యారీడ్’ అంటే ఆమెకు పెళ్లయి ఉంది. ‘షి గాట్ మ్యారీడ్ ఇన్ మే’ అంటే మే నెలలో పెళ్లి అయింది. ‘ఇట్ ఈజ్ డార్క్’ అంటే చీకటిగా ఉంది, ‘ఇట్ ఈజ్ గెటింగ్ డార్క్’ అంటే చీకటి పడుతోంది.

అలవాటు గురించి చెప్పేటప్పుడు ఈ తేడా మరీ ముఖ్యం. ‘ఐ యామ్ యూజ్డ్ టు ఇట్’ అంటే నాకు అలవాటే. ‘ఐ యామ్ గెటింగ్ యూజ్డ్ టు ఇట్’ అంటే ఇప్పుడిప్పుడే అలవాటవుతోంది. హైదరాబాద్ నుంచి డాలస్ వెళ్లినవాళ్లు రోడ్డుకు కుడివైపు కారు నడపడం అలవాటు చేసుకోవాలి. వాళ్లు అనాల్సిన మాట ‘ఐ యామ్ గెటింగ్ యూజ్డ్ టు డ్రైవింగ్ ఆన్ ది రైట్’. ఇక్కడ ‘టు’ తర్వాత ‘డ్రైవ్’ కాదు, ‘డ్రైవింగ్’ రావాలి.

రెండో అడుగు: ‘నాకు’ను ‘ఐ’గా తిప్పడం

నా లెక్కలో తెలుగువారికి అన్నిటికంటే పనికొచ్చే అడుగు ఇదే. మనకు ఏదైనా కలిగినప్పుడు వాక్యాన్ని ‘నాకు’తో మొదలుపెడతాం. ఉద్యోగం, కోపం, జ్వరం, మార్కులు అన్నీ మన దగ్గరకు ‘వస్తాయి’. వచ్చే వస్తువే వాక్యానికి కర్త. ఇంగ్లిష్‌లో మాత్రం మనిషిని కర్తగా నిలబెట్టి, ‘గెట్’తో ఆ వస్తువును అతని చేతికి ఇస్తారు.

నాకు ఉద్యోగం వచ్చింది: ‘ఐ గాట్ ఎ జాబ్’. మా చెల్లికి మంచి ర్యాంకు వచ్చింది: ‘మై సిస్టర్ గాట్ ఎ గుడ్ ర్యాంక్’. నాన్నకు కోపం వచ్చింది: ‘డాడ్ గాట్ యాంగ్రీ’. నాకు అర్థమైంది: ‘ఐ గెట్ ఇట్’ లేదా ‘గాట్ ఇట్’. నాకు నిద్ర వస్తోంది: ‘ఐ యామ్ గెటింగ్ స్లీపీ’. ‘స్లీప్ ఈజ్ కమింగ్’ అనే మాట ఇక్కడ పుట్టేదే. నిద్రను కర్తగా ఉంచే తెలుగు అలవాటు ఇంగ్లిష్‌లోకి అలాగే దిగుతుంది.

‘నాకు బోర్ కొడుతోంది’కి ‘ఐ యామ్ గెటింగ్ బోర్డ్’ అనాలి. చివర ‘బోరింగ్’ అంటే నేనే ఎదుటివాళ్లకు బోర్ కొట్టిస్తున్నానని అర్థం వస్తుంది.

అయితే ప్రతి ‘నాకు’ వాక్యమూ ‘గెట్’కు లొంగదు. నాకు ఈత వచ్చు అనడానికి ‘ఐ కెన్ స్విమ్’. నాకు గుర్తొచ్చింది అనడానికి ‘ఐ రిమెంబర్డ్’. ఏడుపొచ్చింది, నవ్వొచ్చింది అనడానికి ‘ఐ ఫెల్ట్ లైక్ క్రైయింగ్’, ‘ఐ ఫెల్ట్ లైక్ లాఫింగ్’. పోయిన తాళంచెవి దొరికితే ‘ఐ ఫౌండ్ ది కీ’ అనాలి. వెతికితే దొరికినదానికి ‘ఫైండ్’, చేతికి అందినదానికి ‘గెట్’.

‘నాకొక డౌట్ వచ్చింది’ అనే మాట మన క్లాసుల్లో రోజూ వినపడుతుంది. ‘ఐ గాట్ ఎ డౌట్’ అంటే మన దేశంలో అందరికీ తెలుస్తుంది. లండన్‌లోనో చికాగోలోనో అలా అంటే ఎదుటివాళ్లు మీరు వాళ్ల మాటను నమ్మడం లేదేమో అనుకుంటారు. అక్కడ ‘ఐ హ్యావ్ ఎ క్వశ్చన్’ అనండి.

మూడో అడుగు: ‘గెట్’ను కాదు, దాని పక్క మాటను చూడండి

‘గెట్’ అర్థం దానిలో తక్కువ, దాని తర్వాత వచ్చే మాటలో ఎక్కువ. చదువుతున్నప్పుడు ‘గెట్’ కనబడగానే కన్ను కుడివైపు జరగాలి.

పక్కన వస్తువు ఉంటే అది చేతికి రావడం. తేవడమా, కొనడమా, అందుకోవడమా అనేది సందర్భం చెబుతుంది. ‘ఐ గాట్ యువర్ మెసేజ్’ అంటే అందింది. ‘కెన్ యు గెట్ సమ్ మిల్క్?’ అంటే పాలు తెస్తావా. బెల్లు మోగినప్పుడు ‘ఐ విల్ గెట్ ఇట్’ అంటే నేను వెళ్లి తలుపు తీస్తాను, ఫోన్ మోగినప్పుడైతే నేను ఎత్తుతాను.

పక్కన గుణం చెప్పే మాట ఉంటే అది మన ‘అవు’. ‘గెట్ ఓల్డ్’ ముసలివారవడం, ‘గెట్ బెటర్’ నయమవడం, ‘గెట్ రెడీ’ తయారవడం.

పక్కన చోటు ఉంటే చేరడం. ‘వెన్ డిడ్ యు గెట్ టు విజయవాడ?’ విజయవాడ ఎప్పుడు చేరావు? ఇక్కడ జాగ్రత్త పడాల్సింది ‘హోమ్’, ‘హియర్’, ‘దేర్’ అనే మూడు మాటల దగ్గర. వీటి ముందు ‘టు’ రాదు. మనం ‘ఇంటికి’ అంటాం కాబట్టి ఆ ‘కి’ మనసులో ఉండి ‘ఐ గాట్ టు హోమ్’ అనిపిస్తుంది. ‘ఐ గాట్ హోమ్ ఎట్ నైన్’ అంటే సరి.

పక్కన ‘టు’, దాని తర్వాత క్రియ ఉంటే అవకాశం దక్కడం. ‘ఐ గాట్ టు సిట్ ఇన్ ది ఫ్రంట్ రో’ అంటే ముందు వరుసలో కూర్చునే భాగ్యం కలిగింది. దీన్ని ‘హ్యావ్ గాట్ టు’తో కలపకూడదు. ‘ఐ హ్యావ్ గాట్ టు గో’ అంటే వెళ్లక తప్పదు. మాటల్లో ఆ ‘హ్యావ్’ మింగేసి ‘ఐ గాటా గో’ అంటారు. ఒకటి సంతోషం, ఇంకొకటి తప్పనిసరి. వినేటప్పుడు సందర్భమే దిక్కు.

నాలుగో అడుగు: ‘-ఇంచు’

తెలుగులో ‘చేయు’కు ‘ఇంచు’ తగిలిస్తే ‘చేయించు’. కుట్టు, కుట్టించు. కట్టు, కట్టించు. ఒక్క ప్రత్యయంతో పని ఇంకొకరి చేతికి వెళ్లిపోతుంది. ఇంగ్లిష్ క్రియకు ఇలాంటి తోక లేదు. ఆ లోటును తీర్చే మార్గాల్లో ‘గెట్’ ఒకటి.

మొదట గెట్, తర్వాత వస్తువు, చివర క్రియ మూడో రూపం. ఇల్లుకు రంగులు వేయించాం: ‘వి గాట్ ది హౌస్ పెయింటెడ్’. జాకెట్టు కుట్టించుకుంది: ‘షి గాట్ ఎ బ్లౌజ్ స్టిచ్డ్’. కళ్లు పరీక్ష చేయించుకున్నాను: ‘ఐ గాట్ మై ఐస్ టెస్టెడ్’. ఫోన్ రిపేరు చేయించాను: ‘ఐ గాట్ మై ఫోన్ రిపేర్డ్’. వస్తువు మధ్యలోనే ఉండాలి. ‘ఐ గాట్ రిపేర్డ్ మై ఫోన్’ అంటే వాక్యం నిలబడదు.

మంగలి షాపు నుంచి వచ్చి ‘ఐ కట్ మై హెయిర్’ అంటే అద్దం ముందు నిలబడి నా చేత్తో నేనే కత్తిరించుకున్నానని వినేవాడికి తోస్తుంది. తెలుగులో ‘కత్తిరించుకున్నాను’ అన్నా అందరికీ తెలుస్తుంది కాబట్టి మనకు ఆ తేడా తట్టదు. ‘ఐ గాట్ ఎ హెయిర్‌కట్’ అనండి, లేదా ‘ఐ గాట్ మై హెయిర్ కట్’.

మనిషి చేత చేయించినప్పుడు వాక్యం కొద్దిగా మారుతుంది. గెట్, మనిషి, ‘టు’, క్రియ. ‘ఐ గాట్ హిమ్ టు టేక్ ది మెడిసిన్’ అంటే బుజ్జగించో నచ్చజెప్పో మందు మింగించాను. ‘ఐ మేడ్ హిమ్ టేక్ ది మెడిసిన్’ అంటే బలవంతంగా మింగించాను. ‘ఐ హ్యాడ్ ది నర్స్ గివ్ ది ఇంజెక్షన్’ అంటే చెప్పాను, చేయడం ఆమె పని కాబట్టి చేసింది. మూడింటికీ మనకు ‘ఇంచు’ ఒక్కటే. ఇంగ్లిష్‌లో క్రియను బట్టి మీకూ ఆ మనిషికీ మధ్య ఏం జరిగిందో తెలిసిపోతుంది. ‘మేక్’, ‘హ్యావ్’ల తర్వాత ‘టు’ లేదు, ‘గెట్’ తర్వాత మాత్రం తప్పక ఉండాలి. ‘ఐ గాట్ ది ప్లంబర్ కమ్’ అనే వాక్యంలో లోపం అదే.

ఇదే నిర్మాణం అనుకోని నష్టానికీ వాడతారు. ‘హి గాట్ హిజ్ ఫింగర్ కాట్ ఇన్ ది డోర్’ అంటే వేలు తలుపు సందులో పడింది. అతను కావాలని ఎవరిచేతా చేయించుకోలేదు. వాక్యం ఆకారం చూసి ‘ఇంచు’ అని నిర్ణయించే ముందు, ఎవరైనా కోరి చేయించుకునే పనేనా అని ఆలోచించండి.

ఐదో అడుగు: జరిగిపోయిన సంగతులు

‘మై బైక్ గాట్ స్టోలెన్’, ‘ది మ్యాచ్ గాట్ క్యాన్సిల్డ్’, ‘టు పీపుల్ గాట్ హర్ట్’. ‘వాజ్’, ‘వర్’ రావాల్సిన చోట ‘గాట్’ వచ్చింది. ఇలా అన్నప్పుడు సంగతి హఠాత్తుగా జరిగిందన్న భావన, ఎవరో ఒకరు దాని దెబ్బ తిన్నారన్న భావన కలుగుతాయి. కబుర్లలో ఇది చక్కగా ఉంటుంది. ఫిర్యాదు లేఖలోనో రిపోర్టులోనో ‘వాజ్ స్టోలెన్’ అని రాయడమే మర్యాద.

పెళ్లి సంగతి చెప్పేటప్పుడు ‘గాట్ మ్యారీడ్ టు’ అనాలి, ‘విత్’ కాదు. మన ‘తో’ ఇక్కడ అడ్డం వస్తుంది.

మన దగ్గర బాగా పాతుకుపోయిన పొరపాటు ఒకటి ఉంది. ‘ఇట్ గాట్ హ్యాపెండ్’, ‘ఫైల్ గాట్ డిసప్పియర్డ్’, ‘హి గాట్ ఎక్స్‌పైర్డ్’ లాంటివి. జరగడం, మాయమవడం, చనిపోవడం తమంతట తామే జరిగేవి, ఎవరో ఎవరికో చేసేవి కావు. అలాంటి క్రియల ముందు ఈ ‘గాట్’ నిలవదు. ‘ఇట్ హ్యాపెండ్’, ‘ది ఫైల్ డిసప్పియర్డ్’ అంటే చాలు. మనిషి మరణం గురించి ‘హి పాస్డ్ అవే’ అనండి. విదేశాల్లో ‘ఎక్స్‌పైర్డ్’ వినగానే మందుల సీసా మీది తేదీ, గడువు తీరిన లైసెన్సు గుర్తొస్తాయి. దుఃఖంలో ఉన్న ఇంటికి రాసే సందేశంలో ఆ మాట దొర్లకుండా చూసుకోవడం చాలా అవసరం.

ఆరో అడుగు: వెంట వచ్చే చిన్న మాటలు

ఆన్, ఆఫ్, ఓవర్, బై లాంటివి ‘గెట్’తో కలిస్తే కొత్త క్రియలు పుడతాయి. వీటిలో మూడు మనకు పరిచయమే. సినిమా వేషాన్ని ‘గెటప్’ అంటాం. ఇంగ్లిష్‌లోనూ నామవాచకంగా దానికి వేషధారణ అనే అర్థం ఉంది. కోపంలో ‘గెటౌట్’ అంటాం. పదో తరగతి బ్యాచ్ కలుసుకుంటే ‘గెట్ టుగెదర్’ అంటాం.

క్రియగా వాడినప్పుడు ‘గెట్ అప్’ అంటే పక్క మీంచి లేవడం. మెలకువ రావడం ‘వేక్ అప్’. ‘ఐ వోక్ అప్ ఎట్ ఫైవ్ బట్ గాట్ అప్ ఎట్ సిక్స్’ అనే వాక్యంలో ఒక గంట దుప్పటిలోనే గడిచింది.

మనం బస్సయినా ఆటో అయినా ‘ఎక్కుతాం’, ‘దిగుతాం’. ఇంగ్లిష్‌లో బస్సు, రైలు, విమానం, బైక్ అయితే ‘గెట్ ఆన్’, ‘గెట్ ఆఫ్’. కారు, ఆటో, ట్యాక్సీ అయితే ‘గెట్ ఇన్’, ‘గెట్ ఔట్ ఆఫ్’. లోపల లేచి నడవడానికి వీలున్నవి, పైన కూర్చునేవి ఒక గుంపు. ఒంగి దూరి కూర్చోవాల్సినవి ఇంకో గుంపు అని గుర్తుపెట్టుకుంటే చాలావరకు సరిపోతుంది. మన ‘గెట్ డౌన్ ఎట్ అమీర్‌పేట్’ ఇక్కడ అందరికీ తెలిసినా, బయట ‘గెట్ ఆఫ్’ అనే అంటారు.

కష్టసుఖాల మాటలు మూడు కలిపి నేర్చుకోండి. ‘గెట్ బై’ అంటే ఉన్నదాంట్లో నెట్టుకురావడం. ‘గెట్ త్రూ’ అంటే గట్టెక్కడం. ఫోన్ లైను కలవడానికీ అదే మాట. ‘గెట్ ఓవర్’ అంటే తేరుకోవడం. ‘వి గాట్ త్రూ ది లాక్‌డౌన్’ అనేవారు ‘వి గాట్ ఓవర్ ది లాక్‌డౌన్’ అన్నారంటే, ఆ రోజులు దాటడమే కాదు, మనసులోని గాయం కూడా మానిందని అర్థం.

ఎవరితోనైనా పొసగడాన్ని అమెరికాలో ‘గెట్ అలాంగ్’ అనీ, బ్రిటన్‌లో ఎక్కువగా ‘గెట్ ఆన్’ అనీ అంటారు. తప్పు చేసి శిక్ష తప్పించుకుంటే ‘గెట్ అవే విత్’. తీరిక చేసుకుని ఓ పని మొదలెట్టడం ‘గెట్ అరౌండ్ టు’. ఆఫీసు మెయిల్‌లో మనం ‘ఐ విల్ రివర్ట్’ అని రాసేచోట అమెరికాలో, బ్రిటన్‌లో ‘ఐ విల్ గెట్ బ్యాక్ టు యు’ అంటారు.

గాట్, గాటెన్

అమెరికాలో ఉండేవాళ్లు ఈ భాగం శ్రద్ధగా చదవాలి. మిగతావాళ్లు పైపైన చూసినా ఫర్వాలేదు.

‘గెట్’ పుట్టుకతో ఇంగ్లిష్ మాట కాదు. స్కాండినేవియా నుంచి వచ్చి ఇంగ్లండ్ ఉత్తర, తూర్పు ప్రాంతాల్లో స్థిరపడిన వైకింగ్‌ల భాషలోని ‘గెటా’ నుంచి వచ్చింది. రాతల్లో 1200 ప్రాంతం నుంచి కనబడుతుంది. దాని మూడో రూపం ‘గాటెన్’ ఒకప్పుడు ఇంగ్లండ్‌లోనూ మామూలే. తర్వాత అక్కడ అది చాలావరకు వాడుక తప్పింది, అట్లాంటిక్ దాటి వెళ్లినవారి మాటల్లో నిలిచిపోయింది. ‘ఫర్గాటెన్’లో మాత్రం రెండుచోట్లా ఉంది.

అమెరికన్ నోట ‘ఐ హ్యావ్ గాట్ ఎ కార్’ అంటే నాకు కారు ఉంది. ‘ఐ హ్యావ్ గాటెన్ ఎ కార్’ అంటే కారు సమకూరింది. ‘ఇట్స్ గాటెన్ కోల్డ్’ అంటే చలి పెరిగింది. మొదటి అడుగులో చూసిన ‘ఉంది’, ‘వచ్చింది’ తేడాయే ఇక్కడ ఇంకో రూపంలో కనబడుతోంది. బ్రిటిష్ ఇంగ్లిష్‌లో రెండుచోట్లా ‘గాట్’ అనే రాస్తారు.

వినికిడి విషయంలోనూ అమెరికన్ ఉచ్చారణ ఇబ్బంది పెడుతుంది. అచ్చు ముందు వచ్చే ‘ట’ మెత్తబడి ‘డ’కు దగ్గరవుతుంది. ‘గెట్ ఇట్’ ‘గెడిట్’లా, ‘గెట్ అప్’ ‘గెడప్’లా, ‘గెట్ ఔట్ ఆఫ్ ఇట్’ ‘గెడౌడవిట్’లా వినిపిస్తాయి. పట్టుబడటం లేదంటే లోపం మీ పదసంపదది కాకపోవచ్చు, చెవికి ఈ ఒక్క మార్పు అలవాటు కాకపోవడం కావచ్చు.

ఎక్కడ వాడకూడదు

ఐఈఎల్‌టీఎస్ (విదేశాలకు వెళ్లేవారు రాసే ఇంగ్లిష్ పరీక్ష) వ్యాసం, దరఖాస్తు, పరిశోధన పత్రం లాంటిచోట్ల ‘గెట్’ను తగ్గించండి. అందడానికి ‘రిసీవ్’, సంపాదించడానికి ‘ఆబ్టెయిన్’, అవడానికి ‘బికమ్’, చేరడానికి ‘అరైవ్’, ఒప్పించడానికి ‘పర్సుయేడ్’ ఉన్నాయి. అదే పరీక్షలో జనరల్ ట్రైనింగ్ అనే రకం రాసేవాళ్లకు స్నేహితుడికి ఉత్తరం రాయమని వస్తే ‘గెట్’ హాయిగా వాడవచ్చు, వాడితేనే సహజంగా ఉంటుంది. గంభీరంగా ఉండాలని ‘ఐ ఆబ్టెయిన్డ్ ఎ కోల్డ్’ అని రాస్తే మాత్రం చదివేవారికి ఎబ్బెట్టుగా తోస్తుంది. జలుబు, కోపం, ఆకలి, పెళ్లి లాంటి ఇంటి సంగతులకు ‘గెట్’ను మించిన మాట లేదు.

ఇక సాధన

రాత్రి పడుకునే ముందు ఆ రోజు సంగతులు నాలుగైదు వాక్యాల్లో తెలుగులోనే రాయండి. ఇంగ్లిష్‌లో ఆలోచించి రాయకండి, అలా చేస్తే మీకు ముందే వచ్చిన వాక్యాలే వస్తాయి. తర్వాత వచ్చింది, అయింది, ఇంచు, చేరాను, ఎక్కాను, దిగాను అనే మాటల కింద గీత గీయండి. గీత పడినచోట ‘గెట్’ పడుతుందేమో చూడండి. పడనిచోట ఎందుకు పడలేదో పక్కన ఒక ముక్క రాసుకోండి. ఆ ముక్కలే మీకు ఎక్కువ నేర్పుతాయి.

ఒక నమూనా చూడండి. ‘పొద్దున ఆలస్యంగా లేచాను. బస్సు దొరకలేదు, ఆటో ఎక్కాను. ఆఫీసుకు చేరేసరికి మీటింగ్ అయిపోయింది. మా మేనేజర్‌కు కోపం వచ్చింది. మధ్యాహ్నం ఒక మంచి వార్త గుర్తొచ్చి స్థిమితపడ్డాను. సాయంత్రం బండికి సర్వీసింగ్ చేయించి ఇంటికొచ్చాను.’

ఇంగ్లిష్‌లో: ‘ఐ గాట్ అప్ లేట్. ఐ కుడ్ నాట్ గెట్ ఎ బస్, సో ఐ గాట్ ఇన్ ఎన్ ఆటో. బై ది టైమ్ ఐ గాట్ టు ది ఆఫీస్, ది మీటింగ్ వాజ్ ఓవర్. మై మేనేజర్ గాట్ యాంగ్రీ. ఇన్ ది ఆఫ్టర్‌నూన్ ఐ రిమెంబర్డ్ సమ్ గుడ్ న్యూస్ అండ్ ఫెల్ట్ బెటర్. ఇన్ ది ఈవినింగ్ ఐ గాట్ మై బైక్ సర్వీస్డ్ అండ్ గాట్ హోమ్.’

బస్సు ‘దొరకలేదు’ అన్నచోట ‘ఫైండ్’ బదులు ‘గెట్’ వచ్చింది. బస్సు పోగొట్టుకున్న వస్తువు కాదు, అందాల్సింది అందలేదు. మీటింగ్ ‘అయిపోయింది’ అన్నచోట ‘గెట్’ రాలేదు. నేను వెళ్లేసరికే ముగిసి ఉన్న స్థితి అది, కాబట్టి ‘వాజ్ ఓవర్’. ‘గుర్తొచ్చి’ దగ్గర రాకపోవడానికి కారణం రెండో అడుగులో ఉంది. ఈ నమూనా పక్కన పెట్టి, ఇవాళ్టి మీ సొంత వాక్యాలతో మొదలుపెట్టండి.